ఫారంలో మూడో ప్రశ్న

బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి శ్యామ్‌సుందర్ ఫోన్ మోగింది. నెదర్లాండ్స్ నంబర్.

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో అతని ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. కిటికీ అవతల పార్కింగ్ లాట్ మీద వానా మంచూ కలిసి పడుతున్నాయి. లంచ్ బాక్స్ మూత తీసినవాడు అలాగే వదిలేసి కారిడార్‌లోకి నడిచాడు.

"అన్నయ్యా, నేను దేదీప్యని. పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"లేరమ్మా. చెప్పు."

"స్కాన్ రిజల్ట్ వచ్చింది. ఇక మందులేవీ పనిచెయ్యవన్నారు. వారం. మహా అయితే పది రోజులు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. వణకడం ఎప్పుడో అయిపోయినట్టుంది. "ఉండండి, ఆయన మాట్లాడతారట."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. తర్వాత శ్రీహర్ష గొంతు. నెల కిందట విన్న గొంతులో సగం కూడా లేదు.

"ఏంరా శ్యామూ. మా ఆవిడ పది రోజులందా? దానిది మొదట్నించీ ఉదారస్వభావం. నేను వారమే వేసుకున్నా."

"నోర్ముయ్ రా."

"మూస్తా, మూస్తా, ఎలాగూ మూస్తా. ముందొక మాట విను. ఒక్కసారి రా. నిన్నొకటి అడగాలి. పదిహేడేళ్లుగా అడగాలనుకుంటున్నా."

"ఇప్పుడే అడుగు. ఖాళీగానే ఉన్నా."

"ఫోన్‌లో కాదు. నీ మొహం చూస్తూ అడగాలి. వస్తావా?"

"వస్తా."

"ఒట్టు?"

"ఒట్టురా."

ఫోన్ పెట్టేశాక శ్యామ్‌సుందర్ కారిడార్ గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ మాటేమిటో అతనికి తెలుసు. శ్రీహర్ష క్షమాపణ అడగబోతున్నాడు. తనకి క్షమించాల్సిందేమీ లేదు. ఆ సంగతి ఎదురుగా కూర్చుని చెప్పి, వాడి చెయ్యి పట్టుకుంటే చాలు. చేతిలో ఉన్నది వారం.

* * *

పదిహేడేళ్ల కిందట ఇద్దరూ స్టూడెంట్ వీసాల మీద లండన్ వెళ్లారు. ఖమ్మంలో ఒకే ఇంజినీరింగ్ కాలేజీ, లండన్‌లో ఒకే గది. వెళ్లిన ఏడో నెలలో అక్కడి కాలేజీ లైసెన్స్ రద్దయింది. ఒక బట్టల దుకాణం పైన రెండు గదుల కాలేజీ అది. తాళం పడింది. కాలేజీ పోయింది కాబట్టి పనిచేసే హక్కూ పోయింది. అయినా ఇద్దరూ ఊరి చివర ఒక గోడౌన్‌లో డబ్బాలు ప్యాక్ చేస్తూనే ఉన్నారు. ఒకే ఉద్యోగం, రోజు విడిచి రోజు, వంతులవారీగా.

జనవరిలో ఒక ఉదయం శ్రీహర్షకి నూట మూడు జ్వరం. వాడి వంతు. "పడుకోరా, నేను వెళ్తాలే" అని శ్యామ్‌సుందర్ వెళ్లాడు. పది గంటలకి బోర్డర్ ఆఫీసర్లు గోడౌన్‌ని చుట్టుముట్టారు. పదకొండు రోజులు నిర్బంధం. వేలిముద్రలు, ఫొటోలు, దేశం విడిచి పొమ్మని ఒక కాగితం. ఇద్దరు ఆఫీసర్లు దగ్గరుండి హైదరాబాద్ విమానం ఎక్కించారు.

శ్రీహర్షని ఎవరూ పట్టుకోలేదు. ఆరు నెలల తర్వాత నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవన్‌లో చదువు, ఆపైన ఉద్యోగం, ఇల్లు, పెళ్లి. ఇద్దరూ ప్రతి నెలా ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లు. క్రికెట్, ఆఫీసులు, బట్టతల. ఆ జనవరి ఉదయం గురించి మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

శ్యామ్‌సుందర్ ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు. అమెరికా వీసా ఫారం నింపిన రోజు అమీర్‌పేట కన్సల్టెన్సీలో కుర్చీలో ఉన్న మనిషి తల కూడా ఎత్తకుండా చెప్పాడు: "సెక్యూరిటీ ప్రశ్నలన్నిటికీ నో. ఆలోచించకు, నో." ఏ దేశమైనా వెళ్లగొట్టిందా అన్నదానికీ నో. తర్వాత గ్రీన్ కార్డులో నో. పౌరసత్వం ఇంటర్వ్యూలో కుడిచెయ్యి పైకెత్తి నో. మొదటి నో దాచడానికి మిగతావన్నీ అవసరమయ్యాయి.

భార్య విద్యకి అతను లండన్‌లో ఉన్నట్టే తెలియదు. ఆమె ఇల్లినాయిలోనే పుట్టి పెరిగింది. అతను హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చాడనే ఆమె ఎరుక. శ్రీహర్ష అంటే ఖమ్మం క్లాస్‌మేట్, అంతే.

* * *

"వెళ్లు, శ్యామ్," అంది విద్య ఆ సాయంత్రం. "టికెట్ రేపటికే బుక్ చెయ్యి. నిధిని నేను చూస్కుంటా."

తొమ్మిదేళ్ల నిధి డైనింగ్ టేబుల్ దగ్గర లెక్కలు చేసుకుంటోంది. "డాడీ, బ్రింగ్ మీ చాక్లెట్" అంది తల ఎత్తకుండా.

"టికెట్లే చూస్తున్నా," అన్నాడు విద్యతో.

"ఎటియాస్ ఉందా నీకు? లేదు కదా. ఫణి గారికి కాల్ చెయ్యి. టెన్ మినిట్స్‌లో చేసేస్తారు."

వెనకటి రోజుల్లో అయితే అమెరికన్ పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని యూరప్ విమానం ఎక్కేయడమే. ఇప్పుడలా కుదరదు. ముందుగా ఆన్‌లైన్‌లో ఎటియాస్ అనే అనుమతి తీసుకోవాలి. పాస్‌పోర్ట్ నంబర్, తల్లిదండ్రుల పేర్లు, కొన్ని ప్రశ్నలు, ఇరవై యూరోలు. చాలామందికి నిమిషాల్లో వచ్చేస్తుంది. ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు.

షామ్‌బర్గ్ తెలుగువాళ్లలో ఆ ఫారం స్వయంగా చదివినవాళ్లు ఎవరూ లేరు. చదవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఫణి చదువుతాడు. యాభై రెండేళ్ల ఫణికి ఫారాలు నింపడం వ్యసనం. ఓసీఐ కార్డు, పాస్‌పోర్ట్ రెన్యువల్, పిల్లల కాలేజీ ఎయిడ్, ఏదైనా సరే. పైసా తీసుకోడు. కాఫీ మాత్రం బాగుండాలి. కొత్త రూల్ వచ్చిన రోజునే వాట్సాప్ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక శ్యామ్‌సుందర్ బాత్రూమ్ తలుపేసుకుని ఆ మెసేజ్ వెతికి, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ విన్నాడు.

"అందరికీ నమస్కారం. కంగారు పడకండి, ఉన్నవి మూడే ముఖ్యమైన ప్రశ్నలు. ఒకటి, నేరం చేసి శిక్ష పడిందా. రెండు, యుద్ధం జరిగే చోట ఉన్నావా. మూడు, ఏదైనా దేశం నిన్ను గెంటేసిందా. మనోళ్లకి మూడూ నో. కళ్లు మూసుకుని నో కొట్టండి, టీ తాగొచ్చేలోపు అప్రూవల్. గెంటేసినవాళ్లు ఎవరైనా ఉంటే ముందే చెప్పండి, గ్రూప్ నుంచి నేనూ గెంటేస్తా."

కింద నలభై మంది నవ్వుల బొమ్మలు పెట్టారు. వాటిలో శ్యామ్‌సుందర్‌దీ ఒకటి ఉంది.

యెస్ కొడితే? యూరప్ వాళ్ల రికార్డులో ఉండిపోతుంది. అక్కడ యెస్ అన్నవాడివి అమెరికాలో నో ఎందుకన్నావని ఏదో ఒకరోజు ఎవరో అడుగుతారు. పౌరసత్వం అబద్ధం మీద నిలబడిందని తేలితే ఏమవుతుందో ఊహించడానికి లాయర్ అక్కర్లేదు. ఈమధ్య వస్తున్న వార్తలు చాలు. నో కొడితే? లండన్ కంప్యూటర్లలో అతని పది వేళ్లూ ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగగానే వేలిముద్రలు తీసుకుంటారు. రెండూ కలిస్తే?

అతను ఫోన్ జేబులో వేసుకుని, అవసరం లేకపోయినా కుళాయి తిప్పి, చేతులు కడుక్కుని బయటికొచ్చాడు.

* * *

గురువారం ఉదయం ఆఫీస్‌లో మీటింగ్ రూమ్ బుక్ చేసుకుని లాప్‌టాప్ తెరిచాడు. పేరు. పుట్టిన తేదీ. పాస్‌పోర్ట్ నంబర్. తండ్రి పేరు వీరభద్రం. తల్లి పేరు సుధ. అక్కడిదాకా వేళ్లు తడబడలేదు. తర్వాతి పేజీ సెక్యూరిటీ ప్రశ్నలు అని కింద కనిపించింది. దాని పక్కన బాణం గుర్తు. నొక్కితే ఆ పేజీ వస్తుంది.

నొక్కలేదు. పన్నెండు నిమిషాలు బాణం గుర్తునే చూస్తూ కూర్చున్నాడు. మీటింగ్ రూమ్ కోసం బయట ఎవరో తలుపు తట్టారు. లాప్‌టాప్ మూసేశాడు.

మధ్యాహ్నం విద్య మెసేజ్: అప్లై చేశావా?

అతను టైప్ చేశాడు: చేశాను. పెండింగ్.

ఆ రెండు మాటలూ పంపాక ప్రాణం తేలికపడింది. పెండింగ్ అంటే తన చేతిలో లేదు. తప్పు యూరప్‌ది. సాయంత్రానికి అదే మాట దేదీప్యకి చెప్పాడు. ఇంకేవో డాక్యుమెంట్లు అడుగుతారేమో అని కూడా కలిపాడు.

"ఎన్ని రోజులు పడుతుందన్నయ్యా?" అడిగింది దేదీప్య.

"చెప్పలేమమ్మా. నాలుగు రోజులంటారు. ఒక్కోసారి నెల."

"నెలా?" అంది మెల్లగా. మళ్లీ తనే, "సరే. ఆయనకి నాలుగు రోజులని చెబుతాను" అంది.

* * *

శుక్రవారం అతనిది ఇంటి నుంచే పని, విద్యకి సెలవు. పదకొండింటికి శ్రీహర్ష వీడియో కాల్ చేశాడు. శ్యామ్‌సుందర్ ఫోన్ తీసేసరికి విద్య కూడా వచ్చి సోఫాలో పక్కన కూర్చుంది. "నేనూ హాయ్ చెప్తా" అంది. వద్దనడానికి కారణమేమీ దొరకలేదు.

తెర మీద దిండు, దిండు మీద మొహం. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లు మాత్రం ఖమ్మం కళ్లే.

"నమస్తే విద్యా. మా వాణ్ణి బాగా మేపుతున్నట్టున్నారు."

"హాయ్, హర్ష గారూ." విద్య నవ్వబోయి ఆగిపోయింది. "శ్యామ్ వస్తాడు. అది పెండింగ్ ఉంది, అంతే. నేను అందర్నీ అడుగుతున్నా."

"తెలుసమ్మా." శ్రీహర్ష ఊపిరి తీసుకోవడానికి కాసేపు ఆగాడు. చూపు శ్యామ్‌సుందర్ మీదికి తిరిగింది. "శ్యామూ. నాలుగు రోజులు నేను ఉంటానో లేదో. ఎదురుగా అడగాలనుకున్నా గానీ ఫోనైనా పర్లేదులే. ఆ రోజు ఉంది చూడూ. ఆ రోజు జ్వరం నాకు..."

పక్కన విద్య ముందుకి వంగి వింటోంది. ఇంకొక్క వాక్యం వస్తే లండన్ వస్తుంది.

"ఆయాసపడకురా," అన్నాడు గబగబా. "వచ్చాక మాట్లాడుకుందాం."

"కాదురా, ఒక్క నిమిషం. నా బదులు నువ్వు..."

"హర్షా, నాకు మీటింగ్ ఉంది. బాస్ పిలుస్తున్నాడు. రేపు చేస్తా, సరేనా? రేపు."

తెర మీద కళ్లు అలాగే ఉన్నాయి. రెప్ప వాల్చలేదు. "మీటింగా?" అన్నాడు శ్రీహర్ష. "సరే. వెళ్లిరా."

కాల్ ఆగిపోయింది. విద్య అతని వైపు తిరిగింది.

"నీకు మీటింగ్ లేదు కదా."

"చూళ్లేకపోయాను విద్యా. అట్లా మాట్లాడుతుంటే."

ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది. నమ్మింది. ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ అతను కదలకుండా కూర్చున్నాడు.

సాయంత్రం ఫణి ఫోన్. విద్య చెప్పిందట.

"ఏం తమ్ముడూ, నన్ను కాదని సొంతంగా నింపేశావంట? అనుభవించు మరి. నేను నూట పన్నెండు మందికి నింపా. ఒక్కటి ఆగలేదు. నీదొక్కటే ఆగిందంటే ఎక్కడో తప్పు కొట్టావ్. అప్లికేషన్ నంబర్ పంపు."

"ఆఫీస్ లాప్‌టాప్‌లో ఉంది అన్నా."

"అయితే రేపు పొద్దున నేనే వస్తా. మా ఆవిడ పెసరట్లేస్తానంది గానీ మనిషి చావుబతుకుల్లో ఉంటే పెసరట్లేంటి. పదింటికి ఉంటా. ఎక్కడికీ పోకు."

* * *

శనివారం పది కాకముందే ఫణి వచ్చాడు. బూట్ల మంచు దులుపుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. విద్య కాఫీ పెట్టింది.

"లాగిన్ అవ్వు."

"అందులో లాగిన్ ఏముందన్నా..."

"మంచిది, లేదని నీకూ తెలుసన్నమాట. అప్లై చేశాక ఈమెయిల్ వస్తుంది, నంబర్‌తో. మెయిల్ తెరువు."

శ్యామ్‌సుందర్ మెయిల్ తెరిచాడు. ఫణి వెనక నుంచి తెర మీదకి వంగాడు. "సెర్చ్‌లో కొట్టు. ఎటియాస్."

కొట్టాడు. ఒక హోటల్ ప్రకటన వచ్చింది. ఇంకేమీ లేదు.

"స్పామ్‌లో చూడు. లేదా? ట్రాష్? అదీ లేదా? ఇరవై యూరోలు కట్టావుగా, కార్డ్ మీద పడి ఉంటుంది. చూపించు."

శ్యామ్‌సుందర్ చేతులు కీబోర్డ్ మీద ఆగిపోయాయి. ఫణి నూట పన్నెండు ఫారాలు నింపిన మనిషి. ఏ గడి ఎందుకు ఖాళీగా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు. మెల్లగా కళ్లద్దాలు తీశాడు.

"నువ్వు అప్లై చెయ్యలేదు తమ్ముడూ."

విద్య చేతిలో కాఫీ కప్పు టేబుల్‌కి చేరకుండానే ఆగింది. "వాట్?"

ఫణి లేచాడు. "నిధీ, కోటు వేసుకోమ్మా. లైబ్రరీకి వెళ్దాం పద."

"అంకుల్, ఐ హావెంట్ ఫినిష్డ్ మై..."

"అక్కడ ఫినిష్ చేద్దువుగాని. పద పద."

వాకిలి తలుపు పడింది. విద్య ఎదురు కుర్చీలో కూర్చుంది.

శ్యామ్‌సుందర్ చెప్పాడు. లండన్, రెండు గదుల కాలేజీ, గోడౌన్, జ్వరం, పదకొండు రోజులు, విమానం. అమీర్‌పేట. గ్రీన్ కార్డ్. ఇంటర్వ్యూలో పైకెత్తిన చెయ్యి. నిన్న ఫోన్‌లో శ్రీహర్ష ఏం అడగబోయాడో, తను ఎందుకు ఆపాడో అది కూడా. విద్య ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అతను ఆగాక మాట్లాడింది.

"గ్రీన్ కార్డ్ పేపర్స్ మీద నా సంతకం ఉంది. నేను నిన్ను స్పాన్సర్ చేశా. వాళ్లు నన్ను కూడా అడిగారు నీ గురించి, శ్యామ్. నేను అంతా చెప్పా, నాకు తెలిసింది అంతా."

"నీకు చెబితే నువ్వూ అబద్ధం చెప్పాల్సొచ్చేది."

"అది నేను డిసైడ్ చేసేదాన్ని." ఆమె లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. "ఇప్పుడు ఆ సంగతి వద్దు. ఆయన డై అవుతున్నారు. ఫారం ఎక్కడ?"

విద్య హాస్పిటల్‌లో ఫార్మసిస్ట్. మందు సీసాతో వచ్చే మడత కాగితం చివరిదాకా చదివే మనిషి. పాస్‌పోర్ట్ చూస్తూ వివరాలన్నీ నింపింది. సెక్యూరిటీ ప్రశ్నల దగ్గర బాణం నొక్కింది. శ్యామ్‌సుందర్ చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"శ్యామ్. నువ్వు ఇది చదివావా?"

"ఫణి అన్న మెసేజ్‌లో..."

"నేను ఫణి గారి గురించి అడగట్లేదు. నువ్వు. చదివావా?"

"లేదు."

"పోయిన పదేళ్లలో అని ఉంది." ఆమె వేలు తెర మీద ఆనింది. "పోయిన పదేళ్లలో నిన్ను ఏ దేశమైనా వెళ్లిపొమ్మని ఆర్డర్ ఇచ్చిందా. నీది ఎప్పుడు?"

అతను ఆమె వేలు ఆనిన లైను చదివాడు.

"ఎప్పుడు, శ్యామ్?"

"పదిహేడేళ్లు."

"అయితే నో. నిజంగా నో." ఆమె నొక్కింది. టక్‌మని చిన్న చప్పుడు. "బుధవారం కొట్టినా ఇదే నో. ఇదొక్కటే నీకు నిజమైన నో, దీనికి నువ్వు భయపడ్డావు."

ఇరవై యూరోలు ఆమె కార్డ్ మీదే కట్టింది. ఇద్దరూ టేబుల్‌కి చెరోవైపు కూర్చున్నారు. కాఫీ మీద మీగడ కట్టింది. తొమ్మిది నిమిషాలకి మెయిల్ వచ్చింది. అనుమతి మంజూరు. మూడేళ్ల వరకు చెల్లుబాటు.

సాయంత్రం ఐదూ నలభైకి ఓహేర్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి విమానం ఉంది. అతను టికెట్ కొని, వెంటనే దేదీప్యకి ఫోన్ చేశాడు.

"వచ్చిందమ్మా! అప్రూవల్ వచ్చింది. ఈ రోజే బయల్దేరుతున్నా. రేపు పొద్దున అక్కడుంటా. వాడికివ్వు ఫోన్."

"నిద్రలో ఉన్నారన్నయ్యా."

"లేచాక చెప్పు."

"లేవరు." ఆమె ఒక్కో మాటా విడివిడిగా పేరుస్తున్నట్టు చెప్పింది. "రాత్రంతా నొప్పి తట్టుకోలేకపోయారు. పొద్దున డాక్టర్ వచ్చి నిద్రమందు మొదలుపెట్టారు. ఆఖరిదాకా అంతేనన్నారు. మందు ఎక్కించే ముందు మీకు చేద్దామా అని అడిగాను. అక్కడ ఇంకా తెల్లారలేదు, వాడు రేపన్నాడుగా, తెల్లారాక చేస్తాడులే అన్నారు."

శ్యామ్‌సుందర్ కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టమ్మా."

పెట్టింది. ఊపిరి వినిపిస్తోంది. లోపలికి ఒకటి. చాలాసేపటికి బయటికి.

"హర్షా, నేనురా. లండన్ సంగతి. ఆ రోజు వెళ్లింది నేను. నువ్వు పంపలేదు. నేనే వెళ్లా. నూట మూడు జ్వరంలో నువ్వు లేచి బూట్లేసుకుంటుంటే నేనే లాగేశాను, గుర్తుందా? నా మనసులో ఏమీ లేదురా. ఏ రోజూ లేదు. నిన్న మీటింగ్ లేదు. విద్య పక్కనుందని ఆపా. పెండింగ్ కూడా అబద్ధం. నేను అప్లై చెయ్యలేదు, భయపడ్డా. వింటున్నావా? నా మనసులో..."

విద్య ఎదురుగానే ఉంది. ఇప్పుడు ఆమె వింటున్నా అతనికేమీ అనిపించలేదు. పదిహేడేళ్ల మాటలు మూడు నిమిషాల్లో అయిపోయాయి. అవతల ఊపిరి అదే తీరున వస్తోంది, పోతోంది. దేదీప్య ఫోన్ తీసుకునేదాకా అతను ఆ ఊపిరినే లెక్కపెడుతున్నాడు.

"వినబడుతుందంటారు డాక్టర్లు," అంది. "ఏమో."

"నిన్న... నిన్న నేను పెట్టేశాక ఏమన్నా అన్నాడా?"

"అన్నయ్యా, ఇప్పుడెందుకు."

"చెప్పమ్మా."

"వాడింకా మర్చిపోలేదు, కనీసం అడగనివ్వలేదు కూడా అన్నారు. అట్లా ఏం కాదు, వీసా లాంటిదేదో ఆగిందట అన్నాను. అమెరికా వాళ్లకి ఆగదు దీపూ, రావాలని లేక ఆగింది అన్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు."

* * *

ఫణి నిధిని దింపడానికి వచ్చినప్పుడు శ్యామ్‌సుందర్ సూట్‌కేసు కారులో పెడుతున్నాడు. విద్య లోపల్నుంచే ఒక్క ముక్క చెప్పింది, పదేళ్ల సంగతి. ఫణి డ్రైవ్‌వేలో నిలబడిపోయాడు.

"ఉంది తమ్ముడూ. పదేళ్లని ఉంది. నేను చూశా." టోపీ తీసి చేతిలో నలిపాడు. "అందరిదీ నోయే కదా, పదేళ్లయితేనేం, ఇరవై అయితేనేం అని ఆ ముక్క తీసేశా. మెసేజ్ పెద్దదైతే ఎవరూ వినరు."

"మీ తప్పేం లేదన్నా."

"అట్లా అనకు. నాలుగు తిట్లు తిట్టు. లోపలికి పోయి కాఫీ ఎట్లా అడగను నేను?"

శ్యామ్‌సుందర్ తిట్టలేదు. డిక్కీ మూశాడు.

ఎయిర్‌పోర్ట్‌కి విద్యే డ్రైవ్ చేసింది. టెర్మినల్ ముందు కారు ఆపి, ఇంజిన్ ఆపకుండా అంది:

"మెడిసిన్స్ హ్యాండ్ బ్యాగ్‌లో ఉన్నాయి. చలి ఎక్కువ అక్కడ. స్కార్ఫ్ పైన పెట్టా."

"విద్యా..."

"నువ్వు తిరిగి వచ్చాక ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లాలి. నేను వేరే లాయర్‌తో మాట్లాడతా, నా సంతకం గురించి." స్టీరింగ్ మీద నుంచి చూపు తిప్పలేదు. "నేను కోపంగా లేను. కోపం తర్వాత వస్తుందేమో. ఇప్పుడు వెళ్లు."

అతను దిగాడు. కారు వెంటనే కదిలింది.

గేటు దగ్గర కూర్చునేసరికి నాలుగున్నర. బోర్డింగ్‌కి ఇంకా అరగంట ఉందనగా ఫోన్ మోగింది. ఆ నంబర్ చూడగానే తెలిసిపోయింది. అయినా తీశాడు.

"అయిపోయిందన్నయ్యా," అంది దేదీప్య. "ఇరవై నిమిషాలైంది. బాధేం పడలేదు. ఊపిరి అట్లా నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ..."

అతను నుదురు అరచేతిలో ఆనించుకున్నాడు. ఎదురు కుర్చీలో ఒక ముసలాయన శాండ్‌విచ్ విప్పుతున్నవాడు చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు.

"దహనం గురువారం అంటున్నారు. ఇక్కడ అన్నీ అపాయింట్‌మెంట్లే." ఆమె ఆగింది. "మీరు ఎవరికోసం బయల్దేరారో ఆయన లేరు. ఇక రాకపోయినా నేనేమీ అనుకోను. నిజంగా."

"రావద్దంటావా?"

వెనక ఎవరో డచ్ భాషలో మెల్లగా మాట్లాడుతున్నారు. ఏదో తలుపు తెరుచుకుంది.

"రండి," అంది చివరికి. "ఆయన మిమ్మల్ని అడగాలనుకున్నది నాకు చెప్పారు, నిన్న రాత్రి. మాట మాట చెప్పారు. మీకు చెప్పమన్నారు. మీరొస్తే ఆయన తరఫున నేను అడగాలి. మీరు ఎదురుగా కూర్చుని వినాలి, అన్నయ్యా. మధ్యలో ఆపకూడదు."

"ఆపనమ్మా."

"పెట్టేస్తాను. ఆయన్ని తీసుకెళ్లేవాళ్లు వచ్చారు."

గేటులో పిలుపు మొదలైంది. శ్యామ్‌సుందర్ వరుసలో నిలబడ్డాడు. కౌంటర్ దగ్గర అమ్మాయి పాస్‌పోర్ట్ స్కాన్ చేసి, కంప్యూటర్ వైపు ఒక క్షణం చూసి, అంతా సరిగ్గానే ఉంది సర్ అంటూ తిరిగిచ్చేసింది. వెనక ఉన్నాయన ముందుకి రాబోయాడు. అతను దారి ఇచ్చి, మెడకి స్కార్ఫ్ చుట్టుకుని, విమానం వైపు నడిచాడు.